బ్రెటన్ వుడ్స్: అప్పు భారం ఎవరిది?

(తెరపై: మౌంట్ వాషింగ్టన్ హోటల్, న్యూహాంప్‌షైర్, 1944)

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియకముందే, 1944 జులై 1 నుంచి 22 వరకు, అమెరికాలోని బ్రెటన్ వుడ్స్‌లో ఉన్న ఈ హోటల్లో 44 దేశాల ప్రతినిధులు సమావేశమై, యుద్ధానంతరం దేశాల మధ్య చెల్లింపులు ఏ పద్ధతిలో సాగాలో నిర్ణయించారు. అయితే అసలు వాదం ఏడాది ముందే, 1943 ఏప్రిల్‌లో బ్రిటన్, అమెరికా తమ ప్రణాళికలను ప్రచురించినప్పుడే బయటపడింది. ఒక దేశం విదేశాల నుంచి వచ్చేదాని కంటే వాటికి కట్టవలసినది ఎక్కువై చెల్లింపుల లోటులో పడినప్పుడు సర్దుకోవలసిన భారమంతా ఆ దేశానిదేనా, మిగులు కూడబెట్టిన దేశానికి అందులో వాటా లేదా అన్నదే ఆ వాదం.

వాటా ఉందన్నారు బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్. దేశాల మధ్య బాకీలను సర్దే బ్యాంకుగా ఆయన ప్రతిపాదించిన క్లియరింగ్ యూనియన్‌లో ప్రతి దేశానికీ ‘బాంకోర్’ అనే కొత్త లెక్కల ద్రవ్యంలో ఒక ఖాతా, విదేశీ వాణిజ్యాన్ని బట్టి ఒక కోటా ఉంటాయి. ఖాతాలో అప్పు అయినా, మిగులు అయినా, కోటాలో నాలుగో వంతు దాటితే అదనపు మొత్తంపై ఏడాదికి 1 శాతం, సగం దాటితే మరో 1 శాతం రుసుము కట్టాలి. బాకీ పడినవాడితో పాటు రావలసినవాడి దగ్గర కూడా రుసుము వసూలు చేసే బ్యాంకును అంతవరకు ఎవరు చూశారు?

ప్రపంచ బంగారంలో అధిక భాగం తన ఖజానాలోనే ఉన్న అమెరికాకు ఇది రుచించలేదు. ఆ దేశ ట్రెజరీ అధికారి హ్యారీ డెక్స్‌టర్ వైట్, సభ్యదేశాల చందాలతో ఏర్పడి, ఆ పరిమితిలోనే సాయం చేసే నిధి చాలన్నారు. చివరికి ఆయన మాటే నెగ్గి, 880 కోట్ల డాలర్ల అంతర్జాతీయ ద్రవ్యనిధికి రూపం వచ్చింది; ఔన్సు బంగారానికి 35 డాలర్ల ధరే మారకం రేట్లన్నిటికీ ఆధారమైంది. మిగులు దేశంపై ఆంక్షలకు వీలిచ్చే ‘కొరత కరెన్సీ’ నిబంధన ఒప్పందంలో చేరింది గానీ, దాన్ని ఒక్కసారి కూడా ప్రయోగించలేదు.

(తెరపై: భారత ప్రతినిధి బృందం)

మనకు ముఖ్యమైన ఘట్టం ఇక్కడే ఉంది. యుద్ధకాలంలో బ్రిటన్ భారత్‌లో కొన్న సరుకులకు, సేవలకు బదులుగా లండన్‌లో స్టెర్లింగ్ (బ్రిటిష్ పౌండ్లు) జమ చేస్తూ రాగా, వాటి ఆధారంగా రిజర్వు బ్యాంకు ఇక్కడ రూపాయలు జారీ చేసింది. ఫలితంగా ధరలు మండిపోయాయి. ఆ నిల్వలు యుద్ధాంతానికి సుమారు 130 కోట్ల పౌండ్లకు చేరాయి. వాటిలో కొంత భాగాన్నైనా నిధి ద్వారా ఇతర కరెన్సీల్లోకి మార్చుకునే వీలు కల్పించాలని భారత ప్రతినిధి ఎ.డి. ష్రాఫ్ పట్టుబట్టగా, ఇది ఆ బాకీతో సంబంధం ఉన్న దేశాలు తమలో తాము తేల్చుకోవలసిన వ్యవహారమని కీన్స్ తోసిపుచ్చారు. అప్పిచ్చినవాడు కూడా భారం మోయాలన్న ఆయన సూత్రం అమెరికా దగ్గర చెల్లలేదు గానీ, అంతకు ముందటి ఏడాదే బెంగాల్ కరువు చూసిన భారత్ మీద మాత్రం చక్కగా చెల్లిందని నాకనిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆ నిల్వలు ఒప్పందాల ప్రకారం విడతలవారీగానే చేతికందాయి. 1949 సెప్టెంబరులో బ్రిటన్ పౌండు విలువను 4.03 డాలర్ల నుంచి 2.80 డాలర్లకు తగ్గించడంతో, అప్పటికి మిగిలిన మొత్తానికి డాలర్లలో ఉన్న విలువ దాదాపు మూడో వంతు కరిగిపోయింది.