బుగ్గల మీద ఎర్ర నరాలకు లేజర్ ఒక్కటే దారా?

యాంకర్: హలో, ఎక్కడి నుంచి అమ్మా?

శ్రోత: బెంగళూరు మారతహళ్లి నుంచి. మాది హిందూపురం. బుగ్గలు, ముక్కు కందిపోతున్నాయి మేడం. సన్నగా ఎర్ర నరాలు కూడా తేలినాయి. స్కూటీ మీద ఆఫీసుకు పోయేసరికి ఒకటే మంట. లేజర్ చేయించుకోమంటున్నారు.

డాక్టర్: లేజర్ సంగతి తర్వాత చూద్దాం. ముఖానికి ఏం రాస్తున్నారమ్మా?

శ్రోత: మందుల షాపులో ఇచ్చిన క్రీము. రెండేళ్లయింది. మొదట్లో ముఖం తేటగా వచ్చింది. ఇప్పుడు ఒక్కరోజు మానినా ఎర్రబడి దురద.

డాక్టర్: ట్యూబు పేరు వద్దు. కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి.

శ్రోత: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మొమెటాసోన్.

డాక్టర్: అయ్యో తల్లీ. మొమెటాసోన్ స్టెరాయిడ్. ఈ మూడూ కలిసిన క్రీము మంగుమచ్చలకు మేమే కొన్ని వారాలు రాయమంటాం, అంతే. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి లోపలి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. ట్రెటినాయిన్‌తో చర్మం ఎండకు ఓర్చుకోలేదు. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. మీలాంటి పిల్లలు ఈ ట్యూబులతో వస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

శ్రోత: ఈరోజే పారేస్తా మేడం.

డాక్టర్: పారేయొద్దు, డాక్టర్‌కి చూపించాలి. ఒక్కసారిగా మానితే ముఖం ఇంకా భగ్గుమంటుంది. దగ్గరుండి తగ్గించాలి, ఆ కొన్ని వారాలు ఓపిక పట్టాలి. కీళ్ల నొప్పులు, నోటిపూత, జ్వరం ఉన్నాయా?

శ్రోత: లేవు మేడం.

డాక్టర్: మంచిది. ఉంటే లూపస్ ఉందేమో పరీక్ష చేయించాల్సి వచ్చేది. అది ఒంటి రక్షణ వ్యవస్థ మన ఒంటి మీదే దాడి చేసే జబ్బు, బుగ్గలు అందులోనూ ఎర్రబడతాయి.

శ్రోత: బెంగళూరు చల్లగానే ఉంటుంది కదా, ఎండేం చేస్తుంది?

డాక్టర్: అక్కడే మోసపోతాం. ఈ ఊరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. గాలి చల్లగా తగిలినా అతినీలలోహిత కిరణాలు తగ్గవు, మబ్బుల్లోంచి కూడా వస్తాయి. జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు వేళ్ల పొడవునా తీసుకుని ముఖానికి, మెడకు రాయండి. పొగలు కక్కే కాఫీ, కారం మంట పెంచుతున్నాయేమో గమనించుకోండి.

శ్రోత: మరి ఆ నరాలు?

డాక్టర్: పూతమందుతో ఎర్రదనం తగ్గుతుంది గానీ, తేలిన నరాలు చాలావరకు అలాగే ఉంటాయి. వాటికి లేజరే. అయితే చర్మం కుదుటపడ్డాకే. ఐపీఎల్ అని లేజర్ లాగే తీవ్రమైన వెలుగుతో చేసేది ఒకటుంది, మన చామనఛాయకు దాంతో కాలి నల్లమచ్చలు పడే భయం ఎక్కువ. 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ అనే లేజర్ దానికంటే నయం. ఏ మెషినో అడిగి తెలుసుకోండి.

శ్రోత: అడ్వాన్సు కట్టేసినా మేడం...

డాక్టర్: వెనక్కి అడగండి. ఇవ్వకపోతే తేదీ అయినా జరిపించుకోండి. ఈ వారంలో మాత్రం ఆ కుర్చీలో కూర్చోవద్దమ్మా.