నల్లరేగడి ఊళ్లలో నాగజెముడు: ఇంటి ముంగిట పెంచే పద్ధతి

[దృశ్యం: ఎత్తైన దిబ్బ మీద పసుపు పూలతో నాగజెముడు]

నమస్కారం. నాందేడ్ జిల్లాలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ ప్రాంతాల తెలుగువారు నాగజెముడును అందం కోసం పెంచాలనుకుంటే, ముందుగా ఆలోచించవలసింది ఎండ గురించి కాదు, వాన గురించి. అమెరికా ఖండాల్లో పుట్టిన ఈ మొక్క పగటిపూట తన సూక్ష్మరంధ్రాలను మూసుకొని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది కనుక మే నెల ఎండకు తట్టుకుంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి ఆరని నల్లరేగడిలో మాత్రం దాని వేళ్లు కుళ్లిపోతాయి.

[దృశ్యం: దిబ్బ తయారీ]

అందువల్ల గుంట తవ్వి నాటవద్దు. నేల మీద ఇటుక ముక్కలు పరిచి, ముతక ఇసుక, సన్న కంకర సగానికి మించి ఉండేలా ఎర్రమట్టితో కలిపి, అడుగున్నర ఎత్తున దిబ్బ పోయండి. రోజంతా ఎండ తగిలే చోటు అయితేనే పూలు బాగా వస్తాయి. పశువుల ఎరువు ఎక్కువ వేస్తే మట్టలు మెత్తగా సాగి, బరువుకు వాలిపోతాయి.

[దృశ్యం: పట్టకారుతో మట్టను కోయడం]

మనం ఆకులనుకునే ఆ మట్టలు నిజానికి కాండాలే కాబట్టి ఒక్క మట్ట నుంచే కొత్త మొక్క వస్తుంది. ఫిబ్రవరిలోగాని మార్చిలోగాని ముదిరిన మట్టను కణుపు దగ్గర కోసి, రెండు వారాలు నీడలో ఉంచి, కోత బాగా ఎండిన తరువాత మూడో వంతు లోపలికి దిగేలా నాటండి. మొదటి వారం నీరు పోయవద్దు. వేళ్లు పట్టాక కూడా మట్టి పూర్తిగా ఎండితేనే పోయాలి. వానాకాలంలో అసలు అక్కరలేదు.

[దృశ్యం: ముళ్ల గుత్తి, దగ్గరగా]

పొడవాటి ముళ్ల కంటే వాటి మొదట్లో నూగులా కనిపించే సన్నని ముళ్లే ప్రమాదకరం. వాటి కొనలకు వెనక్కి తిరిగిన కొక్కేలు ఉంటాయి కనుక చర్మంలో దిగితే సులభంగా రావు. పెద్ద ముళ్లు లేని కుందేలు చెవుల రకానికీ ఈ నూగు ఉంటుంది. పిల్లలు నడిచే దారి పక్కన దాన్ని కూడా పెట్టకూడదు.

[దృశ్యం: తెల్లని దూది మచ్చలు]

మట్టల మీద దూది లాంటి మచ్చలు కనిపించి, నలిపితే ఎర్రని రసం వస్తే అది కొచినీల్ పురుగు. దక్షిణ భారతంలో కలుపుగా వ్యాపించిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంక నుంచి తెచ్చినది ఈ జాతి పురుగునే. సబ్బు నీటిలో ముంచిన బ్రష్షుతో రుద్ది, నీటిధారతో కడగండి.

అంతగా వ్యాపించే మొక్క కనుక, కోసిన ముక్కలను చేను గట్టు మీదగాని వాగులోగాని పారవేయవద్దు. పడిన చోటే వేళ్లు పట్టుకుంటాయి. వాటిని లోతుగా పూడ్చివేయండి.