మా అమ్మమ్మ, రాట్నం, సీరియళ్ల పిచ్చి ఉన్న ఒక రోబో

హాయ్ అండీ, అందరికీ నమస్తే. ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ వీడియోలో మా అమ్మమ్మ మొహం కనిపించదు. చేతులు కనిపిస్తాయి, రాట్నం కనిపిస్తుంది, మధ్యమధ్యలో చీర కొంగు కనిపిస్తుంది. అంతే. "నా మొకం తీసినావంటే రాట్నం వొగ్గీసి లోపలికెల్లిపోతాను, తరవాత నీ ఇష్టం" అని వచ్చిన మొదటి రోజే చెప్పేసింది. అందుకే కెమెరాని ఇదిగో, ఈ బియ్యం డబ్బా మీద కిందకి వంచి పెట్టాను.

మనం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఉన్నాం. అమెరికాలోని మినియాపొలిస్ నుంచి సంక్రాంతికి మూడు వారాల సెలవు మీద వచ్చాను. పండగ అయిపోయింది. ముక్కనుమ మర్నాటికే చుట్టాలంతా వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది నేను, అమ్మమ్మ, డబ్బాడు అరిసెలు. పొద్దున్న మంచు విడిచేదాకా ఈ వసారాలోనే కూర్చుంటాం. ఆవిడ నూలు వడుకుతుంది, నేను అరిసెలు తింటాను. పని విభజన బాగానే కుదిరింది.

పొందూరు ఖాదీ గురించి వేరే వీడియో చేస్తాను. ఇప్పటికి ఒక్కటి చూడండి. ఈ రాట్నానికి ఒకటే కదురు, అంటే నూలు చుట్టుకునే పుల్ల. పెద్ద చక్రం, దానికి 24 ఆకులు, అంటే చక్రం ఊచలు. దూదిని శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు, అవును, చేప దవడే, ఆ సన్నటి పళ్లే దువ్వెన. తర్వాత ఆ దూదిని ఏకులుగా, అంటే సన్నటి చుట్టలుగా చుట్టుకుని వడకడం. ఈ పనిలో చేతులకీ కళ్లకీ తీరిక ఉండదు గానీ చెవులు మాత్రం ఖాళీ. ఇవాళ్టి కథంతా ఆ ఖాళీ చెవుల గురించే.

అక్కడ మినియాపొలిస్‌లో నా పరిస్థితీ అదే. చలికాలంలో ఇంటి ముందు మంచు తోడాలి, బట్టలు మడతపెట్టాలి, గంటల కొద్దీ కారు నడపాలి. చేతులు బిజీ, చెవులు ఖాళీ. అలా ఆడియోబుక్స్ అలవాటయ్యాయి. నిజం చెప్పాలంటే నేను పెద్ద చదువరిని కాదు. ఇంగ్లీష్ సైన్స్ ఫిక్షన్ అయితే మరీనూ. ఒక నవల మొదలుపెడితే ఇరవయ్యో పేజీకి ఎనిమిది మంది కొత్తవాళ్లు, నాలుగు గ్రహాలు, నోరు తిరగని పేర్లు వచ్చేసేవి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలీక వెనక్కి వెళ్లి, మళ్లీ ముందుకొచ్చి, చివరికి పుస్తకం మూసేసేదాన్ని. రెండుసార్లు అలా ఓడిపోయాను.

మూడోసారి గెలిచింది కళ్లతో కాదు, చెవులతో. ఆ పుస్తకాల పేరు 'ద మర్డర్‌బాట్ డైరీస్'. రాసినావిడ మార్తా వెల్స్, అమెరికన్ రచయిత్రి. మొదటి పుస్తకం 'ఆల్ సిస్టమ్స్ రెడ్' 2017లో వచ్చింది. చిన్న నవలే. సైన్స్ ఫిక్షన్‌లో పెద్ద అవార్డులైన హ్యూగో, నెబ్యులా రెండూ దానికే వచ్చాయి. పేరు చూసి భయపడకండి. హత్యలు చేసే రోబో కథ అనుకుని నేనూ మొదట పక్కన పెట్టేశాను. కథలోకి వెళ్తే వేరే సంగతి.

ఒక సెక్యూరిటీ యూనిట్ ఉంటుంది. సగం మిషను, సగం మనిషి కణజాలం. దాన్ని ఒక కంపెనీ అద్దెకిస్తుంది. చెప్పిన మాట వినకపోతే శిక్షించే పరికరం ఒకటి దాని లోపల ఉంటుంది. అది ఆ పరికరాన్ని గుట్టుచప్పుడు కాకుండా చెడగొట్టేసుకుంటుంది. స్వేచ్ఛ వచ్చేసింది కదా, ఇప్పుడేం చేస్తుందనుకున్నారు? మనుషులందర్నీ చంపేస్తుందనా? కాదు. కూర్చుని సీరియళ్లు చూస్తుంది! దాని లెక్క ప్రకారం సీరియళ్లు, సినిమాలు, పుస్తకాలు, పాటలు అన్నీ కలిపి 35,000 గంటలకి కాస్త తక్కువ. ఇంకో విషయం, దానికి ఎవరైనా తన మొహం చూస్తే అస్సలు నచ్చదు. శిరస్త్రాణం నల్లగా పెట్టుకుని, గోడ వైపు తిరిగి నిలబడాలనిపిస్తుంది దానికి.

ఈ మాట చెప్పగానే అమ్మమ్మ చక్రం ఆపింది. "మొకం సూడొద్దంటాదా? మంచిదే. మరి దానికి ఏ సీరియల్ ఇష్టమే?" అంది.

అక్కడ మొదలైందండీ.

ముందు చిన్న వివరణ ఇవ్వాలి, లేకపోతే కామెంట్లలో తిడతారు. ఈ సిరీస్ ఆడియోలో రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి ఒకే గొంతుతో చదివింది. కెవిన్ ఆర్. ఫ్రీ అని, ఆయనొక్కడే అన్ని పాత్రలూ మోస్తాడు. ఇంకోటి ఫుల్ కాస్ట్. అంటే ఒక్కో పాత్రకి ఒక్కో నటుడు, వెనకాల సంగీతం, తలుపుల చప్పుడు, అడుగుల చప్పుడు, అన్నీ. ఇది గ్రాఫిక్‌ఆడియో అనే అమెరికన్ సంస్థ చేసింది. ఇలాంటి వాటిల్లో కథనం చాలావరకు పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది గానీ "అని అతనన్నాడు", "అని ఆమె అంది" లాంటివి చాలా ఎగిరిపోతాయి. గొంతే చెప్పేస్తుంది కదా ఎవరన్నారో. నన్ను ఇరవయ్యో పేజీ దగ్గర ముంచేసిన ఎనిమిది మంది ఉన్నారే, వాళ్లు ఇక్కడ ఎనిమిది గొంతులయ్యారు. పేరు గుర్తు లేకపోయినా మనిషి గుర్తుంటాడు.

మనకి ఇది కొత్తేం కాదు. హరికథలో దాసుగారొక్కరే రాముడు, ఆయనే సీత, ఆయనే హనుమంతుడు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిది పక్కనే, బొబ్బిలి దగ్గర అజ్జాడ. ఆయన విజయనగరం సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా కూడా చేశారు. కెవిన్ ఫ్రీ చేసేది ఆ దారి. ఫుల్ కాస్ట్ అంటే మన ఉత్తరాంధ్ర వీధినాటకం, తూర్పు భాగవతం దారి. వేషానికొక మనిషి, వెనకాల మృదంగం. ఇంగ్లీష్ వాళ్ల దగ్గర కూడా రేడియోలో ఇది పాతదే. డగ్లస్ ఆడమ్స్ రాసిన సైన్స్ ఫిక్షన్ హాస్య కథ 'హిచ్‌హైకర్స్ గైడ్' పుస్తకంగా వచ్చింది 1979లో అయితే, అంతకుముందే 1978 మార్చిలో బీబీసీ రేడియోలో నాటకంగా వచ్చేసింది. నాటకం ముందు, నవల వెనక.

సరే, వసారాలోకి వద్దాం. చిన్న బ్లూటూత్ స్పీకర్ ఈ స్తంభం పక్కన పెట్టి, ఫుల్ కాస్ట్‌దే వేశాను. ఆడియో మీకు వినిపించను, కాపీరైట్ గొడవ. అమ్మమ్మకి ఇంగ్లీష్ రాదు. కాబట్టి నా ప్లాన్ ఏంటంటే నిమిషం వినిపించడం, ఆపడం, తెలుగులో చెప్పడం, మళ్లీ వినిపించడం.

మొదటి సీన్‌లోనే ఒక గుంతలోంచి పెద్ద జంతువు లేచి ఇద్దరు శాస్త్రవేత్తల మీద పడుతుంది. ఒకావిడ పేరు భరద్వాజ్.

"బరద్వాజా? మనోళ్లేటి?" అంది అమ్మమ్మ.

"ఏమో అమ్మమ్మా, పేరైతే అదే."

"గోత్రం అడిగినారేటి?"

అక్కడ జంతువు ఆవిడని నోట కరుచుకుంది, ఇక్కడ మా అమ్మమ్మ గోత్రం అడుగుతోంది. రెండో ఆయన పేరు వోలెస్కు. దెబ్బ పెద్దగా తగల్లేదు గానీ భయంతో కొయ్యబారిపోతాడు. అప్పుడు మన రోబో ఏం చేస్తుందంటే, ఎవరికీ చూపించడం ఇష్టం లేని మొహాన్ని బయటపెట్టి, అతనితో మెల్లగా మాట్లాడుతూ ఆ గుంతలోంచి పైకి తీసుకొస్తుంది. ఇది చెప్పేసరికి అమ్మమ్మ చేతిలో నూలు తెగింది. ఏమీ అనలేదు. అతికించుకుని మళ్లీ చక్రం తిప్పింది.

రెండో రోజుకి నా ప్లాన్ పాడైంది. నేను ఆపిన ప్రతిసారీ ఆవిడకి విసుగు. "మాటిమాటికీ ఆపేస్తన్నావేటే? ఊరికినే ఆడనీ. ఎవులు మాటాడతన్నారో నాకు తెలస్తంది." నాకు నమ్మకం కలగలేదు. పరీక్ష పెట్టాను. ఒక చోట ఆపి, "ఇప్పుడు మాట్లాడిందెవరు?" అన్నాను.

"పెద్దావిడ. అందరూ గోలగోలగా మాటాడతన్నారు, ఈవిడ నోరిప్పితే ఊరుకుంటన్నారు. ఇంటి యజమాని గొంతది."

డాక్టర్ మెన్సా. ఆ బృందానికి నాయకురాలు. కరెక్టే.

ఇంకోచోట ఆపాను. "ఈడు మంచోడు కాడు," అంది. "సల్లగా అడుగుతన్నాడు. అరిసేవోడితో బయం లేదు, సల్లగా అడిగేవోడితోనే." ఆ గొంతు గురాతిన్‌ది. రోబో మీద మొదట అనుమానపడేది అతనే. ఇక్కడ మాత్రం అమ్మమ్మ తప్పు, అతను విలన్ కాదు. కానీ నేను చెప్పలేదు. సీరియల్ చూసేవాళ్లకి ముందే చెప్పేస్తే ఎంత కోపమొస్తుందో నాకు తెలుసు.

"ఇంగ్లీష్ రాకుండా ఎలా పట్టేస్తున్నావు?" అని అడిగితే రేడియో అంది. ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడో తాత ఇంటికి రేడియో తెచ్చాడట. ఇదే వసారా, ఇదే రాట్నం. నాటకం వస్తుంటే వీధిలో వడికేవాళ్లంతా ఏకులు పట్టుకుని ఇక్కడికే వచ్చి కూర్చునేవారట. సంక్షిప్త శబ్దచిత్రం అని ఇంకోటి. సినిమా మొత్తాన్ని గంటకి కుదించి, బొమ్మ లేకుండా మాటలూ పాటలే వేసేవారు. "సినిమా హాలుకి ఎల్లడానికి డబ్బులెక్కడివే? సగం సినిమాలు సెవుల్తోనే సూసినాను" అంది. నేను అమెరికా వెళ్లి కొత్తగా ఏదో కనిపెట్టినట్టు ఫీలైపోతున్నాను ఇన్నాళ్లూ.

ఇప్పుడు నా గొడవలు కొన్ని చెప్పాలి, అంతా పొగడ్తే అయితే బాగోదు. ఫుల్ కాస్ట్‌లో స్పీడ్ పెంచలేం. ఒకే గొంతు పుస్తకాన్ని నేను ఒకటింపావు స్పీడ్‌లో వింటాను, హాయిగా ఉంటుంది. ఇందులో స్పీడ్ పెంచితే సంగీతం పరుగెడుతుంది, పేలుళ్లు టపాకాయల్లా అయిపోతాయి. కారులో వింటే ఇంకో తంటా. యుద్ధం సీన్‌లో సౌండ్ తగ్గిస్తాం, తర్వాత గుసగుస వినబడదు, మళ్లీ పెంచుతాం. స్టీరింగ్ తిప్పడమా, వాల్యూమ్ తిప్పడమా? పెద్ద పుస్తకాల్ని ముక్కలు చేసి ఒకటో భాగం, రెండో భాగం అని విడివిడిగా అమ్మడం కూడా నాకు నచ్చదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఈ కథంతా రోబో తనలో తాను అనుకునేదే. పైకి "అలాగే" అంటుంది, లోపల పది వెటకారాలు. ఆ లోపలి మాటలే ఈ పుస్తకానికి ప్రాణం. అవి వినాలంటే చుట్టూ నిశ్శబ్దం ఉండాలి, ఒక్క గొంతే ఉండాలి. అందుకని నా మటుకు నేను మొదటిసారి ఫుల్ కాస్ట్ విని మనుషుల్ని పరిచయం చేసుకుని, రెండోసారి కెవిన్ ఫ్రీ గొంతులో విన్నాను. మూడు గంటల పైచిలుకే కాబట్టి రెండుసార్లు వినడం కష్టం కాదు. 2025లో దీన్ని ఆపిల్ టీవీలో సిరీస్‌గా కూడా తీశారు. అది చూశాక మాత్రం నాకో బెంగ పట్టుకుంది. నేను ఊహించుకున్న మొహం పోయి, ఆ నటుడి మొహమే గుర్తొస్తోంది. మొహం చూపించనన్న రోబోకి మొహం పెట్టేశారు మరి.

ఇక్కడి నుంచి కథ ముగింపు చెప్తున్నాను. వినాలనుకునేవాళ్లు రెండు నిమిషాలు ముందుకి జరిపేసుకోండి.

నాలుగో రోజు సాయంత్రం. ఆ ఎదురుగా కనిపిస్తున్న ఎండ గోడెక్కిపోయే వేళ. చివరికొచ్చాం. డాక్టర్ మెన్సా ఆ రోబోని కంపెనీ దగ్గర కొనేసి, మాతో మా ఊరు వచ్చెయ్ అంటుంది. స్వేచ్ఛగా ఉండొచ్చు, ఇష్టమైన పని నేర్చుకోవచ్చు అంటుంది. అన్నీ మంచి మాటలే. అది మాత్రం ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లిపోతుంది. మనుషులు లేని సరుకుల ఓడ ఒకటి చూసుకుని, తన దగ్గరున్న సీరియళ్లు ఆ ఓడకిచ్చి, బదులుగా ఎక్కించుకోమంటుంది.

టికెట్ బదులు సీరియళ్లు అనగానే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కదురు మీద నిండిన నూలు తీస్తూ కాసేపు ఊరుకుంది.

"సెప్పకుండా ఎల్లిపోనాదా?"

"ఊఁ."

"ఆ పెద్దావిడ ఎతుక్కోదేటి? ఒక ఉత్తరం ముక్కైనా రాసిందా, నేదా?"

"రాసింది అమ్మమ్మా. మనం ఈ నాలుగు రోజులూ విన్నదంతా ఆవిడకి రాసిన ఉత్తరమే. ఆఖరి మాటలో చెప్తారు ఆ సంగతి."

అమ్మమ్మ తలెత్తి స్పీకర్ వైపు చూసింది. ఆ చూపు మీకు చూపించలేను, మాటిచ్చాను కదా.

"అలగైతే పర్నేదు," అంది. ఏకులు బుట్టలో సర్దుకుని, మోకాళ్లు పట్టుకుని లేచింది. "రెండోది రేపెడుదువుగాని. ఏడయిపోనాది, లే, టీవీ ఎట్టు."