యాంగర్ అంటే మొదట్లో కోపం కాదు

అక్క: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట, యాంగర్. చదువుకోని వాళ్లకి కూడా అర్థమయ్యేంత మామూలు మాటయిపోయింది. కానీ ఇంగ్లీషులోకి వచ్చిన కొత్తలో దానికి కోపమన్న అర్థమే లేదు.

తమ్ముడు: మరేముందక్కా?

అక్క: బాధ, కష్టం. అసలది వైకింగుల మాటరా, అంటే నార్వే, డెన్మార్క్ వైపు నుంచి ఓడల్లో వచ్చినవాళ్లది. వాళ్ల పాత నార్స్ భాషలో 'అంగ్ర్' అంటే దుఃఖం.

తమ్ముడు: వైకింగులు దోచుకుని పోయేవాళ్లు కదా, మాటలెలా వదిలారు?

అక్క: పోతే కదా! 793లో ఇంగ్లండు తీరంలోని లిండిస్‌ఫార్న్ మఠం మీద పడింది దోపిడీకే. 865లో సైన్యంతో దిగినవాళ్లలో మాత్రం చాలామంది పొలాలు చూసుకుని అక్కడే స్థిరపడ్డారు. ఇంగ్లండులో ఉత్తరాన, తూర్పున వాళ్ల చట్టమే నడిచింది. డెర్బీ, విట్‌బీ లాంటి పేర్లలో చివరి 'బీ' వాళ్లదే, ఊరని అర్థం. ఇరుగుపొరుగయ్యారు, వియ్యాలందుకున్నారు. స్కై, ఎగ్, నైఫ్, విండో అన్నీ అలా వచ్చినవే.

తమ్ముడు: అంతకుముందు ఇంగ్లీషువాళ్లకి కోపానికి మాట లేదా?

అక్క: ఎందుకు లేదు, 'రాత్' ఉంది. ఇప్పుడది ఎక్కువగా పుస్తకాల్లోనే కనిపిస్తుంది. యాంగర్ మాత్రం 1300 ప్రాంతానికి బాధ నుంచి కోపం వైపు జరిగింది. మనల్ని ఎవరైనా బాధపెడితే ముందు మనసు కష్టపడుతుంది, తర్వాత మండుతుంది. మాట కూడా అదే దారిలో నడిచింది.

తమ్ముడు: మన ఉక్రోషంలాగా. అందులో కోపమెంతో ఏడుపంత.

అక్క: సరిగ్గా పట్టుకున్నావు. అరిచే మనిషిని చూసి 'వీడికి పొగరు' అని తేల్చేస్తాం. వాడికి ఎక్కడ నొప్పి పుట్టిందో అడిగే ఓపిక మనకుండాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

తమ్ముడు: అంగ్ర్ కంటే వెనక్కి వెళితే?

అక్క: 'ఇరుకు, బిగుతు' అనే చాలా పాత ధాతువు తగులుతుంది. లాటిన్‌లో అది గొంతు నులమడం. యాంగ్జైటీ, ఆంజైనా ఆ కుటుంబంలోవే. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతుంటే రొమ్ము పట్టేసి, ఆగగానే తగ్గిపోయే నొప్పిని వర్ణించి, ఆంజైనా పెక్టొరిస్ అని పేరు పెట్టింది లండన్ డాక్టర్ విలియం హెబర్డెన్. ఆ వర్ణన 1772లో అచ్చయింది. టెన్షన్‌లో 'ఊపిరాడట్లేదు' అంటామే, ఆ బిగుతే.

తమ్ముడు: సంస్కృతంలో చుట్టాలున్నారా?

అక్క: ఉన్నారు. 'అంహస్'. ఋగ్వేదంలో ఇరుకున పడటం, ఆపద. తర్వాత పాపమైంది. అమరకోశంలో పాపానికి చెప్పిన పేర్లలో అదీ ఉంది.

తమ్ముడు: మరి మన కోపం?

అక్క: దాని దారి వేరు. 'కుప్' అంటే కదలడం, అల్లకల్లోలం కావడం. ఋగ్వేదం రెండో మండలం 12వ సూక్తంలో ఇంద్రుడు 'ప్రకుపిత' పర్వతాలను నిలబెట్టాడని ఉంది. కోపమొచ్చిన కొండలు కావవి, కుదురు లేక కదిలిపోతున్న కొండలు. వాత ప్రకోపం, ప్రకృతి ప్రకోపం అన్నప్పుడు మనకింకా ఆ పాత అర్థమే వినిపిస్తుంది. అది నాకు భలే ఇష్టం.

తమ్ముడు: అంగ్ర్ పుట్టింట్లో ఇప్పుడు ఏ అర్థంలో ఉంది?

అక్క: కోపం మాత్రం కాదు. ఐస్‌లాండ్‌లో 'అంగుర్' అంటే ఇప్పటికీ దుఃఖమే. నార్వే, స్వీడన్‌లలో అది పశ్చాత్తాపమైంది. స్టాక్‌హోంలో మనవాళ్లెవరైనా ఆన్‌లైన్‌లో ఏదైనా కొంటే, షరతుల్లో 'ఓంగెర్‌రెట్' అని కనిపిస్తుంది. సరుకు చేతికొచ్చాక 14 రోజుల్లోగా మనసు మార్చుకుని తిప్పి పంపే హక్కు. అందులో మొదటి సగం మన యాంగరే.