విండోస్ 11లో పాత రైట్ క్లిక్ మెనూ: అందరూ ఆగిపోయేది ఆ ఖాళీ వాల్యూ దగ్గరే

[స్క్రీన్: విండోస్ 11 డెస్క్‌టాప్. ఒక ఫైల్ మీద రైట్ క్లిక్. మెనూ అడుగున "షో మోర్ ఆప్షన్స్" మీద జూమ్.]

నమస్కారం అండి. ఈ చివరి లైను చూడండి, షో మోర్ ఆప్షన్స్. రోజంతా ఫైళ్లతోనే పనిచేసేవాళ్లకి ఇది ఎంత అడ్డమో మీకు తెలుసు. జెరాక్స్ షాపులో కస్టమర్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో వెయ్యాలంటే రైట్ క్లిక్, సెండ్ టు, పెన్‌డ్రైవ్. ఏళ్లుగా చెయ్యి అలవాటుపడిన దారి అది. ఇప్పుడు ఆ సెండ్ టు పైమెనూలో లేదు, ఇంకో క్లిక్ లోపలుంది. 7-జిప్ కూడా అక్కడే. కట్, కాపీ, పేస్ట్ చిన్న చిన్న బొమ్మలైపోయాయి. వాటికింద పేర్లు కూడా 24హెచ్2 వెర్షన్‌లో గానీ రాలేదు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయింది. ఇన్నాళ్లూ మారకుండా ఆగినవాళ్లందరూ ఇప్పుడు 11కి వస్తున్నారు, వచ్చి ఇదే అడుగుతున్నారు. దీనిమీద తిరుగుతున్న రెండు మాటలు మాత్రం పూర్తిగా తప్పు. ఒకటి, పాత మెనూ పీకేశారు కాబట్టి ఏదో సాఫ్ట్‌వేర్ వేసుకోవాల్సిందే అనడం. రెండోది, రిజిస్ట్రీలో, అంటే విండోస్ తన సెట్టింగ్‌లన్నీ రాసుకునే చోట, ఏదో డిలీట్ చెయ్యాలి అనడం. పాత మెనూ చెక్కుచెదరకుండా లోపలే ఉంది. షో మోర్ ఆప్షన్స్ నొక్కితే తెరుచుకునేది అదే. ఇక మనం డిలీట్ చేసేది ఏమీ లేదు, ఒక ఎంట్రీ కొత్తగా చేరుస్తాం, అంతే.

అసలు ఎందుకు మార్చారు? మైక్రోసాఫ్ట్ 2021 జూలైలోనే కారణం చెప్పింది, అది కొట్టిపారేసేది కాదు. పాత పద్ధతిలో ప్రతి ప్రోగ్రామూ తన డీఎల్ఎల్ ఫైలుని, అంటే తన కోడ్ ఉన్న ఫైలుని, నేరుగా ఎక్స్‌ప్లోరర్ (ఫోల్డర్లు, టాస్క్‌బార్ చూపించే విండోస్ ప్రోగ్రామ్) లోపలికి ఎక్కించి మెనూలో లైను పెట్టుకునేది. ఆ డీఎల్ఎల్‌లో ఎక్కడైనా తేడా వస్తే ఎక్స్‌ప్లోరరే పడిపోతుంది. రైట్ క్లిక్ చేశాక మెనూ రావడానికి రెండు మూడు సెకన్లు పట్టే సిస్టమ్‌లు మీరు చూసే ఉంటారు, చాలాసార్లు కారణం ఇదే. అందుకే కొత్త మెనూలోకి రావాలంటే ప్రోగ్రామ్‌లు కొత్త పద్ధతిలో రాసుకోవాలని రూలు పెట్టారు. రూలు సరైనదే. కానీ పాత మెనూ కావాలనుకునేవాళ్లకి సెట్టింగ్స్‌లో ఒక స్విచ్ ఇవ్వకపోవడం మాత్రం సరికాదు. అది ఇచ్చి ఉంటే మనం రిజిస్ట్రీ జోలికి పోయే అవసరమే ఉండేది కాదు.

అప్పుడప్పుడే కావాలంటే రిజిస్ట్రీ దాకా వెళ్లొద్దు. ఫైలు సెలెక్ట్ చేసి షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కండి, నేరుగా పాత మెనూ వస్తుంది. లాప్‌టాప్ అయితే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాల్సి రావచ్చు. ఇప్పటి వెర్షన్లలో షిఫ్ట్ పట్టుకుని రైట్ క్లిక్ చేసినా అంతే. రోజుకి నాలుగైదుసార్లు వాడేవాళ్లకి ఇది చాలు.

ఎప్పటికీ పాతదే కావాలి అనేవాళ్ల కోసం, ముందు లోపల ఏం జరుగుతుందో చెప్తాను. ఇది అర్థం కాకుండా కమాండ్ కాపీ కొట్టడం వల్లే "నాకు పనిచేయలేదండీ" అంటున్నారు.

[స్క్రీన్: రెండు గళ్ల బొమ్మ. ఎడమ "ఇంటి డైరీ", కుడి "ఊరి డైరెక్టరీ".]

ఒక ఇంట్లో పెళ్లి అనుకోండి. వంటకి మనిషిని మాట్లాడాలి. ఇంటి పెద్దాయన ముందు తన డైరీ తీస్తాడు. అందులో లేకపోతే ఊరి టెలిఫోన్ డైరెక్టరీ చూస్తాడు. ఊరి డైరెక్టరీలో కొత్త క్యాటరింగ్ వాళ్ల పేరుంది, నంబరుంది. ఇప్పుడు మనం ఏం చేస్తామంటే, ఇంటి డైరీలో అదే క్యాటరింగ్ పేరు రాసి, నంబరు ఉండాల్సిన చోట గీత కొడతాం. పెద్దాయన డైరీ తీశాడు, పేరు దొరికింది, నంబరు చోట గీత ఉంది. అంటే వీళ్లు రారు. ఇక ఊరి డైరెక్టరీ తియ్యడు, ఎప్పట్నుంచో ఉన్న పాత వంటమనిషికే కబురు పెడతాడు.

పెద్దాయన అంటే ఎక్స్‌ప్లోరర్. ఇంటి డైరీ అంటే రిజిస్ట్రీలో హెచ్‌కీ కరెంట్ యూజర్, అంటే మీ లాగిన్‌కి మాత్రమే చెందిన భాగం. ఊరి డైరెక్టరీ అంటే హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్ మొత్తానిది. క్యాటరింగ్ పేరు అంటే కొత్త మెనూకి ఉన్న ఐడీ, అంకెలూ అక్షరాలూ కలిపి 32. నంబరు అంటే ఆ మెనూని నడిపే డీఎల్ఎల్ ఫైలు అడ్రస్. ఆ అడ్రస్ చోట ఖాళీ పెడితే కొత్త మెనూ లోడ్ కాదు, ఎక్స్‌ప్లోరర్ పాత మెనూ తెరుస్తుంది. విండోస్ ఫైలు ఒక్కటి కూడా మనం ముట్టుకోవడం లేదు. అందుకే ఇది నాకు ఇంత నచ్చుతుంది.

[స్క్రీన్: కమాండ్ ప్రాంప్ట్. కమాండ్ పెద్ద అక్షరాల్లో.]

స్టార్ట్‌లో సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ మామూలుగానే తెరవండి. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ వద్దు, ఎందుకో ఇంకాసేపట్లో చెప్తాను. కమాండ్ స్క్రీన్ మీద ఉంది, చదువుతాను, సరిచూసుకుంటూ కొట్టండి.

రెగ్, స్పేస్, యాడ్, స్పేస్, డబుల్ కోట్, హెచ్‌కేసీయూ, బ్యాక్‌స్లాష్, సాఫ్ట్‌వేర్, బ్యాక్‌స్లాష్, క్లాసెస్, బ్యాక్‌స్లాష్, సీఎల్ఎస్ఐడీ, బ్యాక్‌స్లాష్. ఇప్పుడు ఫ్లవర్ బ్రాకెట్ ఓపెన్. 8, 6, సీ, ఏ, 1, ఏ, ఏ, 0, డాష్. 3, 4, ఏ, ఏ, డాష్. 4, ఈ, 8, బీ, డాష్. ఏ, 5, 0, 9, డాష్. 5, 0, సీ, 9, 0, 5, బీ, ఏ, ఈ, 2, ఏ, 2. ఫ్లవర్ బ్రాకెట్ క్లోజ్. బ్యాక్‌స్లాష్, ఇన్‌ప్రాక్‌సర్వర్32, మధ్యలో ఎక్కడా స్పేస్ లేదు. డబుల్ కోట్ క్లోజ్. స్పేస్, స్లాష్ ఎఫ్. స్పేస్, స్లాష్ వీఈ. ఎంటర్.

ఆపరేషన్ సక్సెస్‌ఫుల్ అని వస్తుంది. చివర్లో ఉన్న ఆ స్లాష్ వీఈ చాలా ముఖ్యం. నంబరు చోట గీత కొట్టేది అదే. స్లాష్ ఎఫ్ అంటే మళ్లీ అడగకుండా రాసెయ్యమని.

ఇప్పుడు రైట్ క్లిక్ చేస్తే ఇంకా కొత్త మెనూనే వస్తుంది, కంగారుపడకండి. పెద్దాయన పొద్దున ఒకసారి డైరీ చూసేశాడు, ఆ గుర్తుతోనే నడుస్తున్నాడు. మళ్లీ చూపించాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి, ప్రాసెసెస్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ మీద రైట్ క్లిక్ చేసి రీస్టార్ట్ కొట్టండి. టాస్క్‌బార్ ఒక్క క్షణం మాయమై మళ్లీ వస్తుంది. అంతకుముందు ఒకటి చూసుకోండి, ఏదైనా పెద్ద ఫైలు కాపీ అవుతూ ఉంటే అది మధ్యలోనే ఆగిపోతుంది. కాపీ పూర్తయ్యాకే చెయ్యండి. తెరిచి ఉన్న ఫోల్డర్లు కూడా మూసుకుపోతాయి. ఒకవేళ టాస్క్‌బార్ తిరిగి రాకపోతే, టాస్క్ మేనేజర్‌లోనే రన్ న్యూ టాస్క్ నొక్కి ఎక్స్‌ప్లోరర్ అని కొట్టండి.

[స్క్రీన్: పాత మెనూ. సెండ్ టు మీద జూమ్.]

వచ్చేసింది. సెండ్ టు పైనే ఉంది. కీబోర్డ్ షార్ట్‌కట్ అక్షరాలు కూడా ఎప్పటిలాగే. మెనూ తెరిచి ఆర్ నొక్కితే ప్రాపర్టీస్, ఎం నొక్కితే రీనేమ్. కొత్త మెనూలో ఇలాంటి అక్షరాలు 2023లో గానీ రాలేదు. చూడకుండా టైప్ చేసేవాళ్లకి ఇది పెద్ద తేడా.

ఇప్పుడు అడ్మిన్ సంగతి. ఆఫీసులో మీది మామూలు యూజర్ అకౌంట్ అనుకోండి. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ అని తెరిస్తే వేరే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్‌తో తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌కి కరెంట్ యూజర్ అంటే ఆ అడ్మినే, మీరు కాదు. మీరు గీత కొట్టింది పక్కింటి డైరీలో. సక్సెస్‌ఫుల్ అని వస్తుంది, మీ మెనూ మాత్రం మారదు. అసలు దీనికి అడ్మిన్ హక్కులే అక్కర్లేదు. ఇంట్లో ఒకే కంప్యూటర్‌లో ఇద్దరికి రెండు లాగిన్లు ఉంటే కూడా ఎవరి లాగిన్‌లో వాళ్లు చేసుకోవాలి.

కమాండ్ ప్రాంప్ట్ బదులు అలాంటిదే అయిన పవర్‌షెల్‌లో కొట్టేవాళ్లు డబుల్ కోట్స్ వదలకండి. కోట్స్ లేకపోతే పవర్‌షెల్ ఆ ఫ్లవర్ బ్రాకెట్లని తన కోడ్ అనుకుంటుంది. వాట్సాప్‌లో వచ్చిన కమాండ్ పేస్ట్ చేస్తే కోట్స్ వంకరగా మారి ఉంటాయి, వాటిని చెరిపి మీరే మళ్లీ కొట్టండి.

[స్క్రీన్: రిజిస్ట్రీ ఎడిటర్.]

కమాండ్ వద్దు, చేత్తో చేస్తాం అనేవాళ్లకి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే, జాగ్రత్తగా చూడండి. విండోస్ కీ, ఆర్ నొక్కి రెజ్‌ఎడిట్ తెరవండి. హెచ్‌కీ కరెంట్ యూజర్, సాఫ్ట్‌వేర్, క్లాసెస్, సీఎల్ఎస్ఐడీ. సీఎల్ఎస్ఐడీ లేకపోతే మీరే చెయ్యండి. దానిమీద రైట్ క్లిక్, న్యూ, కీ. కీ అంటే ఇక్కడ ఫోల్డర్ లాంటిది. దాని పేరుగా ఇందాకటి ఐడీ ఫ్లవర్ బ్రాకెట్లతో సహా పెట్టండి. ఆ కొత్త కీ లోపల ఇంకో కీ, ఇన్‌ప్రాక్‌సర్వర్32. పక్కన కాదు, లోపల. క్యాపిటల్, స్మాల్ తేడా పట్టింపు లేదు, చివర్లో స్పేస్ పడితే మాత్రం పనిచేయదు.

ఇప్పుడు కుడివైపు చూడండి. డీఫాల్ట్ అని ఒక లైను, దాని పక్కన వాల్యూ నాట్ సెట్ అని ఉంది. చూసినవాళ్లందరూ "ఖాళీగానే ఉంది కదా" అనుకుని మూసేస్తారు. అది ఖాళీ కాదండి. అసలు వాల్యూయే లేదు అని అర్థం. డైరీలో పేరు రాసి నంబరు చోట ఏమీ రాయలేదు. పెద్దాయన ఏమనుకుంటాడు? నంబరు రాయడం మర్చిపోయినట్టున్నారు, ఊరి డైరెక్టరీలో చూద్దాం అనుకుంటాడు. క్యాటరింగ్ వాళ్లే వస్తారు. గీత కొట్టాలి. డీఫాల్ట్ మీద డబుల్ క్లిక్ చెయ్యండి. డబ్బా తెరుచుకుంటుంది. అందులో ఏమీ కొట్టకుండా ఓకే నొక్కండి. చూశారా, వాల్యూ నాట్ సెట్ అన్న మాట పోయింది, ఆ చోటు శుభ్రంగా ఖాళీ అయింది. ఇప్పుడు ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్ చెయ్యండి.

పది సిస్టమ్‌లకి చెయ్యాల్సిన డీటీపీ సెంటర్ల వాళ్లు రెగ్ ఫైలు, అంటే డబుల్ క్లిక్ చేస్తే ఎంట్రీని రిజిస్ట్రీలో చేర్చే ఫైలు, చేసుకుంటే సుఖం. అందులో కూడా కీ లైను కింద ఎట్ గుర్తు, ఈక్వల్స్, రెండు డబుల్ కోట్స్ పక్కపక్కన ఉండాలి. ఆ లైను లేకపోతే మళ్లీ గీత లేని డైరీయే. రెగ్ ఫైల్లో హెచ్‌కేసీయూ అని పొట్టిగా రాస్తే తీసుకోదు, హెచ్‌కీ అండర్‌స్కోర్ కరెంట్ అండర్‌స్కోర్ యూజర్ అని పూర్తిగా రాయాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి త్వరగా చెప్తాను.

వెనక్కి మార్చాలంటే రెగ్ డిలీట్, అదే దారి, ఫ్లవర్ బ్రాకెట్ క్లోజ్ వరకే, డబుల్ కోట్ క్లోజ్, స్పేస్, స్లాష్ ఎఫ్. మళ్లీ ఎక్స్‌ప్లోరర్ రీస్టార్ట్. చేత్తో చేస్తే ఆ ఒక్క ఐడీ కీ మాత్రమే తీసెయ్యండి. సీఎల్ఎస్ఐడీ మొత్తం డిలీట్ చెయ్యొద్దు, వన్‌డ్రైవ్ లాంటివాటి ఎంట్రీలు అందులోనే ఉంటాయి. ఆ ఒక్క పేజీ చింపండి, డైరీ పారెయ్యకండి.

పెద్ద అప్‌డేట్ తర్వాత కొత్త మెనూ మళ్లీ కనిపిస్తే, ముందు ఆ కీ ఉందా లేదా చూసి, లేకపోతే అదే కమాండ్ ఇంకోసారి కొట్టండి. టాస్క్‌బార్ మీద చేసే రైట్ క్లిక్‌కి దీనితో సంబంధం లేదు, అది వేరే మెనూ. ఆఫీసు సిస్టమ్‌లో రెజ్‌ఎడిట్ తెరుచుకోకపోతే పాలసీతో ఆపారన్నమాట, మీ ఐటీ వాళ్లనే అడగండి.

స్టార్ట్ మెనూ. ఎడమవైపుకి కావాలంటే సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్, అలైన్‌మెంట్ లెఫ్ట్. అంతే, దానికి రిజిస్ట్రీ అక్కర్లేదు. పాత టైల్స్ స్టార్ట్ మెనూ కోసం స్టార్ట్ షో క్లాసిక్ మోడ్ అనే రిజిస్ట్రీ వాల్యూ పెట్టమని ఇప్పటికీ చెప్తున్నారు. అది విండోస్ 11 విడుదలకి ముందు వచ్చిన బిల్డుల్లో పనిచేసేది, ఇప్పుడు పనిచేయదు, టైమ్ వేస్ట్ చేసుకోకండి. పాత స్టార్ట్ మెనూ తెచ్చిపెట్టే ఎక్స్‌ప్లోరర్‌ప్యాచర్, స్టార్ట్ఆల్‌బ్యాక్ లాంటి ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. కానీ అవి ఎక్స్‌ప్లోరర్ లోపలికి దూరి పనిచేస్తాయి కాబట్టి, విండోస్ అప్‌డేట్ వచ్చాక ఒక్కోసారి తేడా చెయ్యొచ్చు. డెడ్‌లైన్ ఉన్న రోజున అలాంటివి ఇన్‌స్టాల్ చెయ్యకండి.

[స్క్రీన్: రెండు కమాండ్లు, చేర్చేది, తీసేసేది. పాజ్ చేసి రాసుకోవడానికి కాసేపు అలాగే.]