ఊడ్పుల వేళ, వేళ్ల సందులు

అమ్మాయి: నమస్కారం. ఆకుమడుల నుంచి నారు తీసే రోజులు వచ్చాయి కనుక ఈ వారం కాలి వేళ్ల సందుల్లో వచ్చే ఫంగస్ గురించి. చిటికెన వేలి పక్క సందు నాని తెల్లబడి, పొట్టు లేచి, రాత్రిళ్లు దురద పెడుతుంది కదా, అదే.

బాబాయి: మీ పిన్నికి ఏటా వచ్చేదే. రోజంతా బురదలో నిలబడితే రాదా? ముందు చేలో నీళ్లు ఎందుకు నిలుస్తున్నాయో చెప్పు. డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క.

అమ్మాయి: బాబాయి, డ్రెయిన్ మాట ఎత్తనని గొడుగు మీద ఒట్టు వేశారు!

బాబాయి: సరే, సరే. ఒట్టు గుర్తుంది.

అమ్మాయి: ఫంగస్ మందు క్లోట్రిమజోల్ ఒక శాతం పూత రోజుకు రెండు పూటలా రాయాలి. తగ్గాక కూడా రెండు వారాలు మానకూడదు.

బాబాయి: అన్నాళ్లెందుకు? మొన్న కొట్లో ఇచ్చిన ట్యూబుతో రెండు రోజుల్లో దురద పోయింది.

అమ్మాయి: ఏ ట్యూబు? పేరు కాదు, వెనుక సన్న అక్షరాలు చదవండి.

బాబాయి: క్లో... క్లోబెటసాల్.

అమ్మాయి: అది స్టెరాయిడ్. దురదను, ఎరుపును అణచిపెడుతుంది, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. ఆపగానే పాదం మీదకు, గజ్జల్లోకి పాకుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది.

బాబాయి: ఊరంతా అదే రాస్తున్నారమ్మా.

అమ్మాయి: ఊరంతా రాస్తున్నారు కనుకనే చెబుతున్నాను! కొట్టతను ఇవ్వడమూ తప్పే, మీరు అడగకుండా తెచ్చుకోవడమూ తప్పే.

బాబాయి: నన్ను కోప్పడితే ఏం లాభం? నాలుగు రోజులు చేలో నీళ్లు దిగితే పిన్ని కాళ్లే ఆరతాయి. కాటన్ దొర 1852 నాటికి ఆనకట్ట కట్టి నీళ్లు తెచ్చాడు. అవి సముద్రంలోకి పోయే దారి మనం చూసుకోవాలి కదా! కోనసీమ రైతులు 2011లో పంట విరామమని సాగే మానేశారంటే ఊరికేనా?

అమ్మాయి: మీ మాట కాదనను. కానీ నాన్న కాలికి డ్రెయిన్ కారణం కాదు. షుగరు ఉన్న మనిషి వేలి సందులో చిన్న పగులు. మనం ఇంట్లో ట్యూబు రాస్తూ కూర్చున్నాం. మోకాలి దాకా వాచాక కదిలాం.

బాబాయి: ...అన్నయ్య సంగతి నేను మరిచిపోలేదు.

అమ్మాయి: అందుకే షుగరు ఉన్నవారు, వాపు, చీము, జ్వరం ఉన్నవారు ఇంట్లో వైద్యం వద్దు, వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. మిగతావారు కాళ్లు కడిగి, వేరే పొడి గుడ్డతో ప్రతి సందూ తుడిచి, ఆరాక మందు రాయండి. తడి మీద రాస్తే మళ్లీ నానుతుంది.

బాబాయి: ఆషాఢం గోరింటాకు పెట్టుకుంటే?

అమ్మాయి: ముచ్చటగా పెట్టుకోమనండి. పగిలిన చోట మాత్రం వద్దు, మందు మానవద్దు.

బాబాయి: ఆ చప్పుడు విన్నావా? వాన. ఆకుమడి మునిగిపోతుంది, బోదెకు గండి కొట్టాలి. ఆ పార ఎక్కడ పెట్టావమ్మా?

అమ్మాయి: చెప్పులు విడిచి వెళ్తున్నారా? బాబాయి! ఆ బూట్లు...