మాస్క్ తెర వరకే

అందరికీ నమస్కారం. ఫారంలో తేదీ, ఫోన్ నంబరు, ఖాతా సంఖ్య వచ్చేసరికి మనం మామూలు టెక్స్ట్ బాక్స్ తీసేసి మాస్క్ (గీతలు, స్లాష్‌లు ముందే వేసి ఉంచిన అచ్చు) ఉన్నది పెడతాం. ఎక్కడ ఎన్ని అంకెలు కొట్టాలో కంటికి కనిపిస్తుంది. మంచిదే. కానీ తెర మీద కనిపించే ఆ గీతలు, స్లాష్‌లు డేటాబేస్‌లోకి వెళ్లాలా? వెళ్లకూడదని నా గట్టి అభిప్రాయం.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో తెరలు కట్టే లైబ్రరీ అయిన విండోస్ ఫార్మ్స్‌లో మాస్క్‌డ్ టెక్స్ట్ బాక్స్ 2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చింది. దాని టెక్స్ట్‌మాస్క్‌ఫార్మాట్ ప్రాపర్టీ డిఫాల్ట్‌గా ఇంక్లూడ్‌లిటరల్స్. అంటే మనం టెక్స్ట్ చదివితే కొట్టిన అంకెలతో పాటు మాస్క్‌లోని గీతలూ వస్తాయి. ఏమీ కొట్టకుండా వదిలేసిన తేదీ బాక్స్ కూడా ఖాళీ స్ట్రింగ్ ఇవ్వదు, స్లాష్‌లు ఇస్తుంది. దాంతో 'ఖాళీగా ఉందా' అన్న పరీక్ష తప్పుతుంది. ఇక ఒక ఫారం గీతలతో, మరో ఫారం గీతలు లేకుండా నంబరు దాచాయంటే, డేటాబేస్‌లో ఉన్న మనిషి కూడా వెతికితే దొరకడు. ఫోన్, ఖాతా నంబర్లకు ఆ ప్రాపర్టీని ఎక్స్‌క్లూడ్‌ప్రాంప్ట్‌అండ్‌లిటరల్స్‌గా పెట్టండి, అప్పుడు కొట్టినవి మాత్రమే వస్తాయి. గీతలు చూపించేటప్పుడు మళ్లీ చేర్చుకోవచ్చు.

మాస్క్ గుర్తులు కూడా అన్నిచోట్లా ఒకటి కావు. విండోస్ ఫార్మ్స్‌లో 0 అంటే అంకె తప్పనిసరి, 9 అంటే ఉన్నా లేకున్నా సరే. క్యూటీ అనే మరో తెరల లైబ్రరీలో సరిగ్గా తిరగబడుతుంది: 9 తప్పనిసరి, 0 ఐచ్ఛికం. జావాలోని తెరల లైబ్రరీ స్వింగ్‌లో అంకెకు గుర్తు #. ఒకచోటి మాస్క్ ఇంకోచోట అతికిస్తే కంపైలర్ నోరు మెదపదు.

00/00/0000 అన్న మాస్క్ 99/99/9999ని హాయిగా ఒప్పుకుంటుంది. మాస్క్ చూసేది ఆకారాన్నే, అర్థాన్ని కాదు. అందుకే బాక్స్ వ్యాలిడేటింగ్‌టైప్ ప్రాపర్టీకి డేట్‌టైమ్ (తేదీ రకం) ఇచ్చి, టైప్‌వ్యాలిడేషన్‌కంప్లీటెడ్ ఈవెంట్‌లో ఫలితం చూడాలి.

నాకు అన్నిటికన్నా పట్టింపు కర్సర్ గురించి. ఖాళీ బాక్స్ మధ్యలో క్లిక్ చేస్తే కర్సర్ అక్కడే నిలబడుతుంది, అంకెలు మధ్య నుంచి పడతాయి. వాడేవారికి ఏం జరిగిందో అర్థం కాదు, తప్పు తమదే అనుకుంటారు. బాక్స్‌లోకి అడుగుపెట్టగానే వచ్చే ఎంటర్ ఈవెంట్‌లో కర్సర్‌ని మొదటికి తెచ్చినా, వెంటనే వచ్చే మౌస్ క్లిక్ దాన్ని మళ్లీ కదిపేస్తుంది. కాబట్టి ఆ పనిని బిగిన్‌ఇన్వోక్‌తో కాస్త ఆలస్యంగా, క్లిక్ అయ్యాక జరిగేలా చూడండి. కొట్టిన అక్షరం చెల్లకపోతే మాస్క్‌ఇన్‌పుట్‌రిజెక్టెడ్ ఈవెంట్ వస్తుంది. అప్పుడు ఉత్త బీప్ చాలదు, ఏం కొట్టాలో బాక్స్ పక్కనే మాటల్లో చెప్పండి.

పేర్లకు, చిరునామాలకు మాత్రం మాస్క్ పెట్టకండి. వాటికి స్థిరమైన ఆకారం లేదు.